మెగాలోస్, మెగాలి, మెగాలో

1వ రోజు

కమిటీవారు ఈ పుస్తకం నా చేతికిచ్చి, రోజూ ఏం నేర్చుకున్నానో ఇందులో రాయమన్నారు. రాస్తాను. మా ఓడ తేలుపేటలో పుస్తకాలిచ్చేవాళ్ళే గానీ చదివేవాళ్ళు లేరు కాబట్టి ఉన్నదున్నట్టు రాయడానికి నాకు భయం లేదు.

మసేను మొన్న పోయాడు. కుర్రతనంలో గ్రీకు ఓడల మీద వంటవాడిగా తిరిగి, ఆ భాష పట్టుకొచ్చినవాడు మాలో అతనొక్కడే. పదకొండేళ్ళుగా ఓడమ్మతో మాట్లాడే నోరు ఈ ఓడ మొత్తానికి అతనిదే. కాస్త పిల్లలకైనా నేర్పవయ్యా అని ఎన్నిసార్లడిగినా "నానుండగా ఎందుకు పంతులమ్మగోరూ" అనేవాడు. ఇప్పుడు లేడు. నాలుగువందల ఇరవైమందిమి, తలుపు తియ్యమని అడగడం చేతకాని ఇంట్లో కాపురముంటున్నాం.

ఓడమ్మ అంటే ఈ ఓడ బుర్ర. తలుపులు, తాగునీళ్ళు, దీపాలు, ఎవరి వంతు పని ఏ రోజన్నదీ అంతా ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడకి గ్రీకు తప్ప మరో భాష రాదు. ఇంకోటి నేర్పించవలసిన కంపెనీ, సముద్రం మా ఊళ్ళని మింగకముందే మూతపడింది. ఆవిడ గొంతు వినిపించే జల్లెడకి మనవాళ్ళు పసుపు రాసి బొట్టు పెట్టి దండం పెట్టుకుంటున్నారు. భాష నేర్చుకోవడం కన్నా అది తేలిక.

ఈ పొద్దున కెరటాలు పెరిగాయి. ముందువైపు పెద్ద తలుపు మూయించాలి. ప్రెసిడెంటు దానయ్య జల్లెడ ముందు నిలబడి, చేతులూపుతూ "పెద్దది! పెద్దది ముయ్యి!" అని అరిచాడు. ఓడమ్మ వెంటనే పలికింది. పిల్లల ఆటగది తలుపు తీసి, దీపాలు తగ్గించి, ఓడంతటికీ జోలపాట పెట్టింది. దానయ్య మళ్ళీ అరిచాడు. ఆవిడ పాట ఇంకాస్త గట్టిగా పెట్టింది.

మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. వ్యాకరణం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేర్చుకునే భారం నా మీద పెట్టారు. "రోజుకో మాట సొప్పున నేర్సుకుంటే నెల్లాళ్ళకి మాటాడీగలరు" అన్నాడు దానయ్య. ముందుగా ఏ మాట నేర్చుకోవాలో కూడా ఆయనే తేల్చాడు. 'పెద్ద' అన్న మాట.

2వ రోజు

ఓడలో గ్రీకు నేర్పేది ఒకే ఒక్క వస్తువు. ఆటగదిలో గోడకున్న తెర. అందులో ఎరుపు రంగు ఆక్టోపస్ బొమ్మ ఒకటి పాటలు పాడుతూ పాఠం చెబుతుంది. ముందు కూర్చోవడానికి మూడేళ్ళ పిల్లల కుర్చీ ఉంది. నాకు యాభై ఎనిమిది. కూర్చున్నాను. లేవడానికి మాత్రం ఇద్దరు సాయం పట్టారు.

మా బడి కూడా ఆ గదే. ముప్ఫైఒక్కమంది పిల్లలు. బడి వేళలో చేతికి పసుపు కడియం ఉన్నవాళ్ళకే ఆ తలుపు తెరుచుకుంటుంది. పసుపంటే పిల్లలు, నీలమంటే పనిచేసే వయసువాళ్ళు, తెలుపంటే వయసు మళ్ళినవాళ్ళు. కడియం రంగు ఓడమ్మే మారుస్తుంది. నాది నీలమే గానీ, నన్ను పంతులమ్మ అని మసేను ఆవిడ దగ్గర రాయించాడు కాబట్టి లోపలికి రానిస్తుంది.

ఆక్టోపస్ ఒక ఏనుగు బొమ్మ చూపించి "మెగాలోస్" అంది. పరుగెత్తుకెళ్ళి కమిటీకి చెప్పాను.

"మెగాయేనా? మెగా మనకి తెల్దేటి!" అన్నాడు దానయ్య. "మా తాతలనాడు మెగా సేలు, మెగా వైద్యశిబిరం, మెగా ముగ్గుల పోటీ అనీవోరు. అయితే సగం బాస మనకి పుట్టకతోనే వచ్చీసినట్టు."

కమిటీ చప్పట్లు కొట్టింది. ప్రాచీనకాలంలో గ్రీకులు మన దగ్గరే ఆ మాట నేర్చుకుని ఉంటారని ఒక తీర్మానం కూడా చేశారు. తలుపు ఇంకా తెరిచే ఉంది.

నిన్నటి జోలపాట సంగతి కూడా తెలిసింది. గ్రీకులో 'పెదీ' అంటే పిల్ల. మనం పెద్ద పెద్ద అని అరుస్తుంటే ఆవిడకి పిల్ల పిల్ల అని వినిపించింది.

5వ రోజు

పెద్ద తలుపు అనడానికి మూడు రోజులు పట్టింది. నేను "మెగాలోస్ పోర్తా" అన్నాను. "దెన్ కతాలవా" అంది ఓడమ్మ, అంటే అర్థం కాలేదని. ఆ మాట ఆవిడ ఎంత మర్యాదగా అంటుందంటే, నలభైసార్లు విన్నాక గానీ కోపం రాదు. ఈలోగా ఉప్పునీళ్ళు లోపలికొచ్చి రెండు బస్తాల బియ్యం తడిశాయి.

తిరకాసంతా చివరి అక్షరంలో ఉంది. మన 'పెద్ద' ఎవరి ముందు పెట్టినా అలాగే ఉంటుంది. పెద్ద కొడుకు, పెద్ద కూతురు, పెద్ద కుండ. గ్రీకువాళ్ళ పెద్ద పక్కనున్నవాళ్ళని బట్టి తోక మారుస్తుంది. మగమాటైతే మెగాలోస్, ఆడమాటైతే మెగాలి, రెండూ కాకపోతే మెగాలో. చిన్నదీ అంతే: మిక్రోస్, మిక్రి, మిక్రో. పోనీ ఏది మగో ఏది ఆడో చూసి చెప్పగలమా అంటే అదీ లేదు. గాలి మగవాడు. సముద్రం ఆడది. తలుపూ ఆడదే. 'కొరీత్సి' అంటే అమ్మాయి. అది మాత్రం రెండూ కాదు.

ఇదంతా కమిటీకి వివరించాను. అమ్మాయిని నపుంసకలింగంలో వేసినందుకు ఒక్కరూ నొచ్చుకోలేదు. తలుపు ఆడదన్నందుకు మాత్రం గంటసేపు గొడవ జరిగింది. "సింహద్వారం ఆడదేటండీ? ఇనేవోళ్ళు నవ్వరా?" అన్నాడు దానయ్య. నవ్వొచ్చింది గానీ మింగేశాను. మన భాష మాత్రం ఏం తక్కువ తిన్నది? ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. 'వచ్చాడు' మాత్రం మగవాడికి విడిగా అట్టేపెట్టాం. ముప్ఫయ్యేళ్ళు ఇదే పాఠం చెప్పాను. ఒక్కనాడూ నాకు తప్పనిపించలేదు, ఇవాళ సిగ్గేసింది.

"మెగాలి పోర్తా" అన్నాను. తలుపు మూసుకుంది. పై అంతస్తులో ముసలమ్మలకి అది 'గాలి' అని వినిపించి, ఆరేసిన బట్టలన్నీ లోపలికి తెచ్చుకున్నారు.

8వ రోజు

బడి వదిలాక దానయ్య వచ్చి, తన గురించి తను చెప్పుకోవడానికి ఒక వాక్యం కావాలన్నాడు. నేను పెద్దవాణ్ణి అని.

"ఎగో ఈమె మెగాలోస్" అని నేర్పాను. ఎగో అంటే నేను. మనవాళ్ళ ఇగో కూడా అక్కణ్ణుంచి దిగుమతి అయిందే కాబట్టి ఆ మాట ఆయన నోటికి ఇట్టే పట్టుబడింది. 'ఈమె' దగ్గర ఆగిపోయాడు.

"ఈమేటండీ? నాను ఈమెనేటి?"

"అది మన ఈమె కాదండీ. గ్రీకులో 'ఉన్నాను' అని చెప్పడానికి అలా అంటారు."

"ఏ బాసయితే ఏటండి, నోటితో అనాల్సింది నానే కదా" అని, కాసేపు ఆలోచించి "ఎగో ఈయన మెగాలోస్" అన్నాడు. ఆక్టోపస్ ఎనిమిది చేతులూ అడ్డంగా ఊపింది. దానయ్య లేచి వెళ్ళిపోయాడు.

ఆయన మనవరాలు గవరమ్మ మొదటి వరసలో కూర్చుని ఇదంతా చూస్తోంది. అందరూ గవ్వ అంటారు. పన్నెండేళ్ళు. "మరి మా అమ్మ అనాలంటే 'ఈమె' సరిపోద్ది కదండీ" అంది. సరిపోతుందన్నాను.

11వ రోజు

గవ్వ పెద్దమనిషైంది.

దానయ్య ఇంట్లో మగదిక్కు ఇప్పుడాయనే. కొడుకు మూడేళ్ళ క్రితం ఓడ అడుగున గుల్లలు గోకే పనికి దిగి, నీళ్ళు పీల్చే గొట్టం లాగేసుకుంటే ప్రాణాలతో పైకి రాలేదు. కోడలు ఎర్రమ్మ, మనవరాలు గవ్వ. ఉన్న ఒక్క మనవరాలి సమర్త కాబట్టి ఓడంతా దీపాలు వెలగాలన్నాడు. వెలిగించాల్సింది ఓడమ్మ. ఆవిడకి చెప్పడానికి వాక్యం కావాలన్నాడు.

ఇక్కడ నా తప్పు రాయాలి. నేను వద్దనవలసింది, ఈ సంగతి ఓడంతా చాటడం ఎందుకని. అనలేదు. ఎందుకంటే నాకు మొదటిసారి తప్పులేని వాక్యం తట్టింది. గవరమ్మ పేరు ఆడమాట, కాబట్టి మెగాలి. "ఇ గవరమ్మా ఈనె మెగాలి." గవరమ్మ పెద్దదైంది. తోకతో సహా అన్నీ కుదిరాయి. ఆ మురిపెంలో కాగితం మీద రాసిచ్చాను.

దానయ్య కొత్త పంచె కట్టుకుని, పదిమంది ముందూ చదివాడు. ఓడ చివరినుంచి చివరిదాకా దీపాలు వెలిగాయి. ఈలలు, చప్పట్లు. అప్పుడు ఓడమ్మ ఏదో అడిగింది. పొడుగాటి ప్రశ్న. దానయ్యకి అర్థం కాలేదు. అర్థం కాలేదని పదిమందిలో ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు. ఆవిడ ఇంకేమైనా కావాలా అని అడుగుతోందనుకుని, చెయ్యి ఊపుతూ "నేదు, నేదు" అన్నాడు.

గ్రీకులో 'నె' అంటే అవును.

12వ రోజు

పొద్దున బడి తలుపు గవ్వకి తెరుచుకోలేదు. పిల్లలందరూ లోపలికొచ్చారు, తను బయట నిలబడి చేతి కడియం చూసుకుంటోంది. నీలంగా మారింది.

నిన్న ఓడమ్మ అడిగినదేమిటో తెర మీద వెతికి తెలుసుకున్నాను. 'ఈమెను పెద్దవాళ్ళ పట్టీలో రాసుకోమంటారా?' అని అడిగింది. దానయ్య రెండుసార్లు అవునన్నాడు.

మన భాషలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చాపమీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతాం. అదే మగవాడు పెద్దమనిషి అయితే కుర్చీ వేస్తాం. ఒకే మాటని ఇన్ని రకాలుగా వాడుకోవడం మనకి అలవాటు. ఓడమ్మకి ఆ అలవాటు లేదు. పెద్ద అంటే పెద్దే, పెద్దవాళ్ళకి పని ఉంటుంది. గవ్వ వంతు పని అప్పుడే పట్టీలో పెట్టేసింది. పంతొమ్మిదో రోజున, గుల్లలు గోకడానికి ఓడ అడుక్కి.

ఆ పనికి వేసుకునే తొడుగు నిలువెత్తు మగవాళ్ళకి కుట్టింది. వంతు ఎగ్గొడితే ఆ గదికి మర్నాటినుంచి తాగునీళ్ళు కట్టేస్తుంది ఓడమ్మ. బతిమాలుకుందామంటే బతిమాలడానికి గ్రీకులో నాకు మాటలు రావు.

13వ రోజు

జల్లెడ ముందు నిలబడి, గవరమ్మ మిక్రి, గవరమ్మ చిన్నది అన్నాను. పదిసార్లన్నాను. ఓడమ్మ ఓపిగ్గా జవాబు చెప్పింది. దాన్ని ముక్కలు చేసుకుని అర్థం చేసుకునేసరికి మధ్యాహ్నమైంది. బడి సంగతులైతే నా మాట వింటుంది. ఇంటి సంగతులు ఆ ఇంటి పెద్ద గొంతుతోనే వినాలి. రాయించిన పెద్దే "లాథోస్" అనాలి. అప్పుడు కొట్టేస్తుంది.

లాథోస్ అంటే తప్పు, పొరపాటు. రెండే అక్షరాలు. తోక మార్చాల్సిన పని కూడా లేదు.

ఎగిరి గంతేసినంత పనిచేసి దానయ్య దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క మాటండీ. లాథోస్ అనెయ్యండి, పిల్ల బయటపడుతుంది."

"అంటే ఏటి?"

"పొరపాటైందని."

ఆయన ముఖం మాడిపోయింది. "నూరుమంది సూస్తండగా అనీసిన మాట. ఇప్పుడెళ్ళి పొరపాటంటే రేపు నా మాట ఎవుడింటాడు? పెద్దోడన్నాక మాట మారుస్తాడేటి?"

"మీ మనవరాలండీ."

"నాకు తెల్దా? నాకు మాత్రం దిగులు నేదేటి? ఇంకేదైనా ఉపాయం సూడండి. ఆ మాట మాత్రం నాను అనను."

15వ రోజు

కమిటీ ఉపాయం చూసింది. ఓడమ్మకి కోపమొచ్చిందనీ, శాంతి చెయ్యాలనీ తేల్చారు. బిందెడు పసుపునీళ్ళు తెచ్చి జల్లెడలో పోశారు. అప్పటినుంచి ఓడమ్మ గొంతు పడిశం పట్టినట్టు వస్తోంది. "అదిగో, అమ్మ మెత్తబడింది" అన్నాడు ఒకాయన.

పంతొమ్మిదో రోజు పట్టీలో గవ్వ పేరు అలాగే ఉంది.

16వ రోజు

పిల్లలు వెళ్ళాక చిన్న కుర్చీలో కూర్చుని, మెగాలోస్ పాఠం చివరిదాకా చూశాను. ఇన్నాళ్ళూ ఏనుగు దగ్గరే ఆపేస్తున్నాను. ఏనుగు తరవాత ఓడ వచ్చింది, కొండ వచ్చింది, చివర ఒక తాత వచ్చాడు. నడుం వంగి, కర్ర పట్టుకుని ఉన్నాడు. తాత బొమ్మ చాలా చిన్నది. అయినా ఆక్టోపస్ "మెగాలోస్" అంది.

మళ్ళీ చూశాను. మనిషి తనను తాను మెగాలోస్ అంటే గొప్పవాడని కాదు, ముసలివాడని. వయసైపోయిందని.

మసేను గుర్తొచ్చాడు. డెబ్భై దాటాక ఒకరోజు ఓడమ్మతో ఏదో అన్నాడు, కడియం తెల్లబడింది. ఆ రోజునుంచి ఆ గదికి అతని కూతురే పెద్ద అయింది, ఇంటి సంగతులన్నీ ఓడమ్మ ఆ అమ్మాయినే అడిగేది, ఏమనాలో మసేను వెనకనుంచి అందించేవాడు. తెల్లకడియంవాళ్ళకి మెత్తటి గంజి, మెట్లెక్కకుండా అడ్డు, బోలెడంత విశ్రాంతి. ఇంటి సంగతుల్లో మాట మాత్రం చెల్లదు.

దానయ్య నేర్పమన్న వాక్యం కూడా అదే. నాకు పాపభయం తక్కువే.

17వ రోజు

బడి వదిలాక ఎర్రమ్మ తొడుగు పట్టుకుని ఆటగదికి వచ్చింది. గవ్వకి సరిపోయేలా మడిచి కుట్టడం ఎలాగో అడగడానికొచ్చింది. గవ్వకి తొడిగి చూశాం. చేతులు అరచేతులు దాటి వేలాడుతున్నాయి. తలతొడుగు అద్దం నుదుటిపైన ఎక్కడో ఉంది.

"అమ్మా, లోపల్నుంచి నాకేటీ కనపడ్డం నేదే" అంది గవ్వ. మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఎర్రమ్మ దాన్ని విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది. "దీని నాన్న ఇదే తొడుక్కుని దిగినాడండీ. ఉతికి ఆరేసి మల్లీ పంపించినారు, అందరికీ పనికొస్తదని" అంది. ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను.

తరవాత సంగతంతా చెప్పాను. తాత బొమ్మ, తెల్ల కడియం, ఇంటి పెద్ద మారడం. దానయ్య గారు తనంతట తాను మెగాలోస్ అంటే, ఓడమ్మ ఆ ఇంటికి ఇంకెవరు పెద్ద అని అడుగుతుంది. అప్పుడు నువ్వు పలకాలి, మెగాలి ముందు 'ఇ' చేర్చి; అది చేరిస్తే ముసలిదాన్నని కాదు, ఆ పెద్దని నేనేనని. వెంటనే లాథోస్ అనాలి.

"నానా? ఆయన ముందరా?" అంది. పద్నాలుగేళ్ళ కాపురంలో మామగారి ఎదుట కుర్చీలో కూర్చోలేదట. వినబడేలా దగ్గలేదట.

"అమ్మా, సిన్న మాటేనే" అని గవ్వ ఆమె చెయ్యి పట్టుకుని చిన్న కుర్చీలో కూర్చోబెట్టింది. మధ్యాహ్నమంతా తల్లికి నేర్పింది. కొరీత్సికి మిక్రి కాదు, మిక్రో. మర్చిపోకు, అమ్మాయి అటూ కాదు ఇటూ కాదు. ఎర్రమ్మ పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. నాకు ధైర్యం చాలడం లేదు.

18వ రోజు

దానయ్య తనే వచ్చాడు. కళ్ళు లోతుకుపోయాయి. రెండు రోజులుగా అన్నం తినడం లేదని ఎర్రమ్మ చెప్పింది.

"ఆలోసించినాను పంతులమ్మగోరూ. పొరపాటని అనక్కర్లేదు. నానెవర్నో దానికి తెలీక ఇంత పని సేసింది. నానెవర్నో గట్టిగా సెప్తాను, అప్పుడు నా మాట ఇనక సస్తదా? ఆ వాక్యం మల్లీ సెప్పండి. మామూలు పెద్ద కాదు, సాలా పెద్దోణ్ణని అనాల."

"'ఈమె' అనాలండీ మరి."

"అంటాను. గుంట కోసం ఈమైనా అంటాను." ఆ మాట అన్నప్పుడు ఆయన మీద నాకు జాలేసింది. పొరపాటన్న ఒక్క మాట తప్ప ఏదైనా అనగలడు ఈ మనిషి. ఇంకొక్కసారి అడిగాను, లాథోస్ అనరా అని. తల అడ్డంగా ఊపాడు.

నేర్పాను. "ఎగో ఈమె పొలీ మెగాలోస్." పొలీ అంటే చాలా. పదిసార్లు అనిపించాను, ఒత్తులతో సహా. దానికి అసలు అర్థమేమిటో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

19వ రోజు

అడుగు అంతస్తులో, నీళ్ళలోకి దిగే గుమ్మం దగ్గర కమిటీ అంతా చేరింది. గవ్వకి తొడుగు తొడిగి ఉంది. చేతులు మడిచి దారంతో కట్టారు. తలతొడుగు ఇంకా ఎర్రమ్మ చేతిలోనే ఉంది. పట్టీలో గవ్వ పేరు పక్కన దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. అది ఆరకుండా నిలిచి వెలిగితే దిగాలి.

దానయ్య ముందుకొచ్చాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. జల్లెడ ముందు రొమ్ము విరుచుకుని నిలబడి "ఎగో ఈమె పొలీ మెగాలోస్!" అన్నాడు. ఒక్క తప్పు లేదు. నా శిష్యుల్లో అంత బాగా అన్నవాళ్ళు లేరు.

ఓడమ్మ గొంతు ఒక్కసారి మెత్తబడింది. ఏదో అడిగింది. దానయ్య మళ్ళీ, ఇంకా గట్టిగా "పొలీ మెగాలోస్!" అన్నాడు. కమిటీ చప్పట్లు కొట్టింది.

ఆయన కడియం తెల్లగా మారింది. గోడలోంచి ఒక కుర్చీ బయటికొచ్చి ఆయన మోకాళ్ళ వెనక ఆనింది. ఆయన కూర్చోలేదు. కుర్చీయే ఇంకాస్త ముందుకొచ్చి కూర్చోబెట్టింది. నడుముకి పట్టీ వేసింది. తాతగారికి దారి ఇవ్వండి అన్నట్టు జనాన్ని అటూ ఇటూ జరగమంది.

"ఏటిది? ఏటి సేస్తంది?" అన్నాడు దానయ్య.

చెప్పేవాళ్ళు లేరు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను నేల చూస్తున్నాను.

అప్పుడు ఓడమ్మ ఆ ప్రశ్న అడిగింది. ఈ ఇంటికి ఇప్పుడు పెద్ద ఎవరు? మెగాలోస్ అన్న మాట వినిపించగానే కమిటీలో నలుగురు ముందుకు తోసుకున్నారు. ఓడమ్మ వాళ్ళ గొంతులు పట్టించుకోలేదు, వాళ్ళు ఆ గదివాళ్ళు కారు. మళ్ళీ అడిగింది. నేను ఎర్రమ్మ వైపు చూశాను. ఆమె తలతొడుగు గుండెకి అదుముకుని నిలబడింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఓడమ్మ మూడోసారి అడిగింది. గవ్వ పేరు పక్కన దీపం ఆరకుండా నిలిచి వెలిగింది. గుమ్మం తెరుచుకుని కింద నీళ్ళు కనిపించాయి.

"అమ్మా" అంది గవ్వ.

"ఎగో" అంది ఎర్రమ్మ.

చిన్నగా వచ్చింది. గొంతు సవరించుకుంది, మామగారి ముందే. "ఎగో ఈమె ఇ మెగాలి" అని గట్టిగా అంది. ఆగకుండా "లాథోస్. తో కొరీత్సి ఈనె మిక్రో" అంది. పొరపాటు. అమ్మాయి చిన్నది.

ఖాయమేనా అని అడిగింది ఓడమ్మ.

"నె. నె. నె" అంది ఎర్రమ్మ.

గుమ్మం మూసుకుంది. గవ్వ మణికట్టు మీద, మడిచి కట్టిన చేతి కింద, పసుపు వెలిగింది. ఎర్రమ్మ కూలబడిపోయి, దారాలు పళ్ళతో కొరికి తెంపుతూ తొడుగు విప్పడం మొదలుపెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కుర్చీలో కట్టేసి ఉన్న దానయ్య అప్పటికి తేరుకున్నాడు. ఒక చిన్న పలక మీద గంజి గిన్నె కూడా వచ్చి ఆయన ముందు ఆగింది. దాన్ని పక్కకి తొయ్యబోయాడు. అది మళ్ళీ ముందుకొచ్చింది.

"ఏటే ఎర్రమ్మా!" అని అరిచాడు. "నానుండగా ఇంటికి నువ్వు మెగాలోసువేటే?"

ఎర్రమ్మ పని ఆపలేదు. కూతురి రెండో చెయ్యి బయటికి తీస్తూ, తలెత్తకుండా జవాబిచ్చింది.

"మెగాలోస్ కాదు మావయ్యా, మెగాలి. సివరచ్చరం సూసుకోండి."